రాస్‌బెరీ పై బూట్ కావట్లేదా? బోర్డును తిట్టే ముందు కార్డు మార్చి చూడండి

రాస్‌బెరీ పై అంటే ఒకే బోర్డు మీదున్న చిన్న కంప్యూటర్. దాని ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) మైక్రో ఎస్‌డీ కార్డులో ఉంటుంది. ఆన్ చేయగానే కార్డు నుంచి ఆ ఓఎస్ లేవడమే బూట్. "బోర్డు పోయినట్టుంది, కొత్తది కొనాలా?" అని వచ్చే ప్రతి ఒక్కరినీ నేను మొదట అడిగేది ఒకటే. వేరే కార్డు పెట్టి చూశారా? చూసి ఉండరు. ముందు ఆ పని చేసి రండి.

ఎర్ర లైటు ఉంది, ఆకుపచ్చ లైటు అసలు మిణకదు

కార్డు నుంచి ఏమీ చదవడం లేదన్నమాట. మీది నాలుగో మోడల్ (పై 4) అయితే కార్డు తీసేసి, మానిటర్ తగిలించి ఆన్ చేయండి. కేబుల్ మాత్రం కరెంటు పోర్టు పక్కనున్న హెచ్‌డీఎంఐలోనే పెట్టాలి. తెర మీద బూట్‌లోడర్ (ఓఎస్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్, పై 4లో బోర్డు మీదే ఉంటుంది) వివరాలు వస్తే బోర్డు బాగానే ఉంది. పై 3కి ఆ సుఖం లేదు. దాని బూట్ ఫైలు కూడా కార్డులోనే ఉంటుంది.

పచ్చ లైటు లెక్కగా మిణుకుతోంది

4 సార్లయితే స్టార్ట్ ఫైలు (బూట్‌కి కావాల్సిన ఫైలు) దొరకలేదు, 7 సార్లయితే కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) దొరకలేదు. రెండింటికీ మందు కార్డులో ఇమేజ్ (ఓఎస్ మొత్తం ఉన్న ఫైలు) మళ్లీ రాయడమే. ఈసారైనా ఇమేజర్‌లో (ఇమేజ్‌ను కార్డులో రాసే ప్రోగ్రామ్) వెరిఫై (సరిగ్గా రాసిందో లేదో చూసే దశ) మధ్యలో క్యాన్సిల్ కొట్టకండి. 8 సార్లయితే మెమరీ లోపం, అది బోర్డుదే.

ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతోంది, లేదా తెర మీద మెరుపు గుర్తు

వోల్టేజీ 4.63 కంటే కిందికి పడుతోంది. ఫోన్ ఛార్జర్ పక్కన పెట్టండి. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి.

రాసిన రోజు బూట్ అవుతుంది, కొన్నాళ్లకి ఆగిపోతుంది, మళ్లీ రాస్తే మళ్లీ లేస్తుంది

నన్ను ఏడిపించింది ఇదే. ఇంటి కెమెరా రికార్డింగు కోసం పెట్టిన పై, తొమ్మిదో రోజో పదో రోజో చచ్చిపోయేది. మూడుసార్లు ఇమేజ్ రాశాను, అడాప్టర్ మార్చాను, ఫ్యాన్ కూడా పెట్టాను. ప్రతిసారీ దాదాపు అన్నే రోజులకి ఎందుకు పోతోందన్న అనుమానం చాలా ఆలస్యంగా వచ్చింది.

కార్డు నకిలీది. పైన 64 జీబీ అని ఉంది, లోపల చిప్ 8 జీబీది. ఎంత సైజు అని అడిగితే 64 అనే చెబుతుంది కాబట్టి ప్రాపర్టీస్‌లో చూసినా, ఫార్మాట్ చేసినా దొరకదు. ఇమేజ్ కొన్ని జీబీలే కాబట్టి వెరిఫై కూడా పాసవుతుంది. మొదటి బూట్‌లో సిస్టమ్ తన పార్టిషన్‌ను (కార్డులో తనకున్న భాగాన్ని) కార్డు చివరిదాకా సాగదీసుకుంటుంది. డేటా 8 జీబీ దాటాక కార్డు ఎర్రర్ ఇవ్వదు. కొన్ని కార్డులు ఆ డేటాను పారేస్తాయి, కొన్ని తిరిగి మొదటికొచ్చి పాత డేటా మీదే రాసేస్తాయి. మొదట్లో ఉండేది బూట్ పార్టిషనే! మళ్లీ ఇమేజ్ రాస్తే అది బాగవుతుంది కాబట్టి, తప్పు సాఫ్ట్‌వేర్‌దే అనుకుంటాం.

పట్టుకోవాలంటే కార్డును ఫార్మాట్ చేసి, లినక్స్‌లో ఎఫ్3 అనే టూల్‌తో గానీ, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో గానీ నిండా రాయించి తిరిగి చదివించాలి. గంటకు పైనే పట్టొచ్చు, పట్టనివ్వండి. తేడా వస్తే అసలు సైజు వరకైనా వాడుకుందామనే ఆశ పెట్టుకోకుండా పారేయండి. కొత్త కార్డు కొన్నా ఇమేజ్ రాసే ముందే ఈ టెస్టు చేయండి.

మిగతావి

పై 5లో బుక్‌వార్మ్ (రాస్‌బెరీ పై ఓఎస్‌లో ఒక వెర్షన్) కంటే పాత ఓఎస్ లేవదు. స్లాట్ పిన్నులు వంగడం అరుదు. పై 4 బూట్‌లోడర్ చెడిపోవడం ఇంకా అరుదు. అదే అయితే ఇమేజర్‌లోని బూట్‌లోడర్ రికవరీ ఇమేజ్‌ను వేరే కార్డులో రాసి పెట్టండి. పచ్చ లైటు ఆగకుండా గబగబా మిణుకుతూ, తెర మొత్తం ఆకుపచ్చగా మారితే పని అయిపోయినట్టే.