తక్కువ ధర ఫోన్‌లో ఏం తగ్గించారో చూసి కొనడం ఎలా

బెంగళూరు మారతహళ్లిలో మున్నేకొళాల వైపు వెళ్లే దారిలో నాకు ఫోన్ రిపేరు షాపు ఉంది. మాది కదిరి. వచ్చేవాళ్లలో సగానికి పైగా తెలుగువాళ్లే. పీజీల్లో ఉండి కోర్సులు నేర్చుకునే పిల్లలు, క్యాబ్ నడిపేవాళ్లు, ఇళ్లలో వంట చేసే అక్కలు, అపార్ట్‌మెంట్ల దగ్గర సెక్యూరిటీ చేసే పెద్దవాళ్లు. "అన్నా, పదివేలు, పన్నెండు వేలల్లో ఏ ఫోన్ మంచిది?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. మోడల్ పేరు చెప్పి పంపడం తేలికే. కానీ కొన్ని నెలల్లో ఆ మోడల్ పోయి ఇంకోటి వస్తుంది. అందుకని ఎలా చూడాలో చెప్తాను, ఏ షాపులో నిలబడినా పనికొస్తుంది.

ధర తగ్గిందంటే కంపెనీవాళ్లు లోపల ఏదో ఒకటి తగ్గించే ఉంటారు. అది మోసమేమీ కాదు, అలా తగ్గించబట్టే మనలాంటివాళ్ల చేతికి ఫోన్ వచ్చింది. తగ్గించింది మన పనికి అడ్డమా కాదా అన్నదే మనం చూసుకోవాలి. ఫోన్లు విప్పేవాణ్ణి కాబట్టి నేను ఇంకో లెక్క కూడా వేస్తాను. చెడిపోతే మార్చగలిగేవి ఏవి, ఏం చేసినా మార్చలేనివి ఏవి? బ్యాటరీ, డిస్‌ప్లే, ఛార్జింగ్ పిన్, స్పీకర్, మైకు, ఇవన్నీ మార్చొచ్చు. ర్యామ్, స్టోరేజీ, ప్రాసెసర్, వైఫై, సెన్సర్లు, కంపెనీ ఇచ్చే అప్‌డేట్లు మాత్రం కొన్న రోజు ఎలా ఉంటే చివరిదాకా అంతే. కాబట్టి డబ్బులు ముందు ఈ రెండో రకం మీద పెట్టండి.

అన్నిటికంటే ముందు స్టోరేజీ. 64 జీబీనా, 128 జీబీనా అని అందరూ అడుగుతారు. అది ఏ రకం అని అడిగేవాళ్లు తక్కువ. ఈ ధరల్లో రెండు రకాలు వస్తున్నాయి: ఇఎంఎంసి 5.1, యూఎఫ్‌ఎస్ 2.2. ఇఎంఎంసి ఒక సమయంలో చదవడమో, రాయడమో ఏదో ఒకటే చేయగలదు. యూఎఫ్‌ఎస్ రెండూ కలిపి చేస్తుంది. చదివే వేగంలో ఇఎంఎంసి సెకనుకు 250, 300 ఎంబీ దగ్గర ఆగిపోతే, యూఎఫ్‌ఎస్ 2.2 దానికి మూడింతలు వెళ్తుంది. కొత్తలో ఈ తేడా పెద్దగా తెలియదు. ఏడాది గడిచి, చుట్టాల వాట్సాప్ గ్రూపుల ఫొటోలూ వీడియోలూ నిండాక తెలుస్తుంది. వెనక ప్లే స్టోర్ ఏదో యాప్‌ను అప్‌డేట్ చేస్తుంటుంది, అదే సమయంలో మీరు టీ కొట్టు దగ్గర డబ్బులు కట్టడానికి యూపీఐ యాప్ తెరుస్తారు. తెల్ల స్క్రీన్ వచ్చి అలాగే నిలబడిపోతుంది. "ఫోన్ హ్యాంగ్ అవుతోంది అన్నా, సాఫ్ట్‌వేర్ వేసెయ్" అని నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావాటికి జబ్బు ఇదే. సాఫ్ట్‌వేర్ వేస్తే లోపల ఖాళీ అవుతుంది కాబట్టి కొన్నాళ్లు బాగానే నడుస్తుంది, తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. చిప్ మారుద్దామంటే అది బోర్డుకు అతికించి ఉంటుంది. చాలా చౌక ఫోన్లలో ర్యామ్, స్టోరేజీ రెండూ ఒకే చిప్‌లో ఉంటాయి. అది మార్చే ఖర్చు ఈ ధర ఫోన్‌కు గిట్టదు.

కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాల పేజీ తెరిచి స్టోరేజీ దగ్గర యూఎఫ్‌ఎస్ అని రాశారేమో చూడండి. ఉంటే దాన్ని గొప్పగా రాసుకుంటారు. రకం చెప్పకుండా ఉత్త 128 జీబీ అని రాసి ఉంటే ఇఎంఎంసి అనే అనుకోండి. కొంటే 128 జీబీ తీసుకోండి. 64లో ఆండ్రాయిడ్, కంపెనీ యాప్‌లు కలిసి ఇరవై జీబీ దాకా మొదటి రోజే తినేస్తాయి. మెమరీ కార్డు ఉంది కదా అంటారు. కార్డులో ఫొటోలు, పాటలు పెట్టుకోవచ్చు. యాప్‌లు మాత్రం లోపలి స్టోరేజీ మీదే బతుకుతాయి.

ర్యామ్ దగ్గర ఒక మాయ ఉంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 8 జీబీ అని, కింద చిన్నగా 4 ప్లస్ 4 అని రాస్తారు. ఆ రెండో నాలుగు ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్న చోటు. స్టోరేజీ ఎంత నెమ్మదైతే అది అంత నెమ్మది. ఇఎంఎంసి ఫోన్‌లో దాన్ని సెట్టింగుల్లోకి వెళ్లి ఆపేస్తేనే నయమని నేను చెప్తాను. అసలు ర్యామ్ ఎంతో అదే అడగండి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్లు, వాట్సాప్, యూట్యూబ్ వరకే అయితే 4 జీబీ సరిపోతుంది. డెలివరీ చేసేవాళ్లకు, క్యాబ్ వాళ్లకు మ్యాప్స్, పని యాప్, కాల్ మూడూ ఒకేసారి నడవాలి. వాళ్లు 6 జీబీకి తగ్గొద్దు.

ప్రాసెసర్ల పేర్లతో బుర్ర పాడుచేసుకోకండి. యూనిసాక్ టి606, మీడియాటెక్ హీలియో జి85 లాంటివాటిలో పెద్ద కోర్లు, అంటే బరువైన పనులు చేసే భాగాలు, కార్టెక్స్ ఏ75 రకం, తయారీ 12 నానోమీటర్లది. డైమెన్సిటీ 6300 లాంటివాటిలో ఏ76 కోర్లు, 6 నానోమీటర్లు. రెండో రకం వేగంగా ఉంటుంది, తక్కువ వేడెక్కుతుంది. అంతవరకు గుర్తుంటే చాలు.

బెంగళూరులో ఉండేవాళ్లు తప్పకుండా చూడాల్సింది వైఫై. బాగా చౌక ఫోన్లలో కొన్నిటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే ఉంటుంది, 5 గిగాహెర్ట్జ్ ఉండదు. ఊళ్లో ఇంటికీ ఇంటికీ మధ్య ఎడం ఉంటుంది కాబట్టి అక్కడ దీంతో ఇబ్బంది లేదు. ఇక్కడ ఒక పీజీ బిల్డింగులో అంతస్తుకో రూటరు, పక్క బిల్డింగులో అన్నే, ఎదురు బిల్డింగులో ఇంకొన్ని. 2.4లో ఒకదాన్నొకటి తగలకుండా నడిచే ఛానెళ్లు మూడే. అన్ని రూటర్లూ ఆ మూడింటి మీదే పడతాయి. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, ఆన్‌లైన్ క్లాసు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నెట్ బాగాలేదని పీజీ ఓనరుతో గొడవపడి వచ్చిన పిల్లలకు నేను ఫోన్ సెట్టింగు చూపించి ఇదీ సంగతి అని చెప్పాల్సి వస్తుంది. షాపులోనే తేల్చుకోవచ్చు. మీతో వచ్చిన స్నేహితుడి ఫోన్‌లో హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టమనండి. కొత్త ఫోన్‌కు ఆ పేరు కనిపించిందా, ఆ వైఫై ఉన్నట్టే. కనిపించకపోతే వివరాల పేజీలో కూడా ఒకసారి చూసుకోండి.

సెన్సర్లలో కూడా కోత ఉంటుంది. మ్యాగ్నెటోమీటర్, అంటే దిక్సూచి, కొన్నిటిలో ఉండదు. అది లేకపోతే మ్యాప్స్‌లో మీరున్న చోటు సరిగ్గానే చూపిస్తుంది, ఎటు తిరిగి నిలబడ్డారో తెలియదు. బండి కదిలాక కానీ దారి తేలదు. కుందలహళ్లి గేటు దగ్గర తప్పు వైపు పది అడుగులు వేస్తే మళ్లీ ఎంత చుట్టు తిరగాలో అక్కడ ఆర్డర్లు తీసుకెళ్లే తమ్ముళ్లకు తెలుసు. షాపు బయట నిలబడి మ్యాప్స్ తెరిచి, ఉన్నచోటే గుండ్రంగా తిరగండి. నీలం చుక్క ముందున్న వెలుగు మీతోపాటు తిరిగితే దిక్సూచి ఉన్నట్టు. అలాగే ఒక కాల్ చేసి చెవి దగ్గర పెట్టుకోండి. స్క్రీన్ వెంటనే ఆరిపోవాలి, తీయగానే వెలగాలి. చెవి దగ్గరికి వచ్చిందని కనిపెట్టే ప్రాక్సిమిటీ సెన్సర్ అసలు లేకుండా సాఫ్ట్‌వేర్‌తో సర్దిన ఫోన్లలో ఇది తడబడుతుంది. మాట్లాడుతుంటే చెంప తగిలి మ్యూట్ పడుతుంది, కాల్ కట్ అవుతుంది. పెద్దవాళ్లకు ఇది చాలా చికాకు.

అప్‌డేట్ల గురించి షాపువాళ్లు తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి. ఎన్ని ఆండ్రాయిడ్ వెర్షన్లు ఇస్తారు, సెక్యూరిటీ ప్యాచులు ఎన్నేళ్లు? పదివేల లోపు ఒకటి రెండు వెర్షన్లతో సరిపెట్టేవే ఎక్కువ. కాస్త పైకి వెళ్తే పరిస్థితి మారింది. 2024లో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల అప్‌డేట్లు ఇస్తామని శామ్‌సంగ్ ప్రకటించింది. ఫోన్‌లోనే బ్యాంకు ఉంది కాబట్టి దీన్ని చిన్న విషయం అనుకోకండి. మీ దగ్గర రెండు మూడు వేలు ఎక్కువ ఉంటే కెమెరా మీద కాకుండా ఇలా ఎక్కువ ఏళ్లు అప్‌డేట్లు వచ్చే ఫోన్ మీద పెట్టండి.

5జీ కావాలంటే ఒక్క సంగతి చూడండి. 2022 అక్టోబరులో ఇక్కడ 5జీ మొదలైనప్పుడు జియో ఎస్‌ఏ పద్ధతిలో, అంటే 5జీ తనంతట తానే నడిచేలా వచ్చింది, ఎయిర్‌టెల్ ఎన్‌ఎస్‌ఏ పద్ధతిలో, అంటే 4జీ మీద ఆనుకుని నడిచేలా వచ్చింది. మరీ చౌకగా వచ్చే 5జీ ఫోన్లలో కొన్ని ఎస్‌ఏకు మాత్రమే పనిచేస్తాయి, ఎన్‌ఎస్‌ఏ నెట్‌వర్క్‌లో వాటికి 5జీ రాదు. మీ సిమ్ ఏదో దాన్ని వేసి, పైన 5జీ గుర్తు వచ్చాకే డబ్బు కట్టండి.

ఇక మార్చగలిగే వాటికొద్దాం. చౌక ఫోన్ బలం కూడా ఇక్కడే ఉంది. ఈ ధరలో ఎక్కువగా ఎల్‌సీడీ డిస్‌ప్లే ఇస్తారు. కాస్త ఖరీదైన ఫోన్లలో వచ్చే అమోలెడ్ డిస్‌ప్లేలా నలుపు చిక్కగా రాదు, నిజమే. కానీ పగిలితే నా దగ్గర ఎల్‌సీడీ కాంబో, అంటే డిస్‌ప్లే, టచ్ గ్లాసు కలిపి, చాలా మోడళ్లకు రెండు వేల లోపే అవుతుంది. అమోలెడ్ ఒరిజినల్ అయితే నాలుగైదు వేలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంత పెట్టలేక కాపీ డిస్‌ప్లే వేయించుకుంటే స్క్రీన్ లోపల ఉండే వేలిముద్ర చాలావరకు పనిచేయదు. పక్క బటన్‌లో వేలిముద్ర, ప్లాస్టిక్ వెనక భాగం, ఇయర్‌ఫోన్ పిన్, మెమరీ కార్డు, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, ఇవన్నీ చౌక ఫోన్లలో నిజంగా మెచ్చుకోదగ్గవి. ఖరీదైన ఫోన్లలో వీటిలో రెండు మూడు దొరకనే దొరకవు. స్క్రీన్ 720 పిక్సెళ్లదే అయితే అక్షరాల అంచులు కొంచెం గరుగ్గా కనిపిస్తాయి. దానికి బదులు బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది. మా అమ్మకు నేను అలాంటిదే కొనిచ్చాను, ఒకసారి ఛార్జ్ చేస్తే రెండు రోజులు వస్తోంది. ఎండలో పనిచేసేవాళ్లు మాత్రం వెలుగు ఎంతో షాపు బయటికి తెచ్చి చూడాలి, లోపల లైట్ల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి.

కొనే ముందు దగ్గర్లో ఏదైనా రిపేరు షాపుకు వెళ్లి "ఈ మోడల్ కాంబో దొరుకుతుందా, ఎంత?" అని ఒక్క మాట అడగండి. స్పేర్ల కోసం మేమంతా ఎస్పీ రోడ్డుకు వెళ్తాం. బాగా అమ్ముడుపోయే మోడళ్లవి అక్కడ ఎప్పుడూ ఉంటాయి. పేరు వినని మోడల్‌కు ఛార్జింగ్ బోర్డు కూడా దొరక్క ఫోన్ డబ్బాలో పడి ఉన్న సందర్భాలు చూశాను.

కెమెరా గురించి క్లుప్తంగా చెప్తాను. 50 మెగాపిక్సెల్ అంటే నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫొటో ఇస్తుంది. పగటి వెలుతురులో బాగుంటుంది. రాత్రి పెళ్లి ఫొటోలు, కదిలే పిల్లలు, వీడియోలో ఊగకుండా ఉండడం ఈ ధరలో ఆశించకండి. వెనక రెండో, మూడో కన్ను 2 మెగాపిక్సెల్ అనో, 0.08 మెగాపిక్సెల్ అనో ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

డబ్బు కట్టేటప్పుడు బిల్లు తీసుకోండి. బిల్లు వద్దంటే తగ్గిస్తామన్నా ఒప్పుకోవద్దు, అది లేకపోతే వారంటీకి వెళ్లినప్పుడు ఇబ్బంది. *#06# కొట్టి వచ్చిన ఐఎంఇఐ నంబరు, అంటే ఆ ఫోన్‌కే ఉండే గుర్తింపు నంబరు, పెట్టె మీద, బిల్లు మీద ఉన్నదానితో కలిసిందో లేదో చూడండి. సెకండ్ హ్యాండ్ అయితే ఇంగ్లిష్‌లో కె, వై, ఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఇఐ నంబరు వేసి 14422కు మెసేజ్ పంపండి. ఆ నంబరు బ్లాక్ అయిందో లేదో చెప్తుంది. ఈఎంఐ మీద తీసుకునేవాళ్లు ప్రాసెసింగ్ ఫీజు కలిపి మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. కొన్ని ఫైనాన్సువాళ్లు కంతు తప్పితే ఫోన్‌ను లాక్ చేసే యాప్ వేస్తారు. సంతకం పెట్టకముందే ఆ మాట అడగాలి. లాక్ పడిన ఫోన్లు తీసుకుని చాలామంది టెన్షన్‌తో వస్తారు, దానికి నేను చేయగలిగేది ఏమీ లేదు.

ఇంటికి తెచ్చిన రోజే వద్దనుకున్న యాప్‌లు తీసేయండి, లాక్ స్క్రీన్ మీద వచ్చే ప్రకటనలు సెట్టింగుల్లో ఆపండి. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా పెట్టండి. స్టోరేజీలో ఐదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచితే ఇఎంఎంసి ఫోన్ కూడా ఎక్కువ కాలం చురుగ్గా ఉంటుంది. బండి మీద ఎండలో హోల్డరులో పెట్టి ఛార్జింగ్ చేయకండి, ఉబ్బిన బ్యాటరీలు నా దగ్గరికి ఎక్కువగా అలా వాడేవాళ్ల నుంచే వస్తాయి. బిల్లును, పెట్టె మీద ఐఎంఇఐ ఉన్న చోటును ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు పంపి ఉంచండి. మెజెస్టిక్ బస్టాండులోనో, కిక్కిరిసిన బస్సులోనో ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో బ్లాక్ చేయించడానికి అప్పుడు అడిగేవి ఆ వివరాలే.