పీహెచ్‌డీ గైడ్‌ని ఎలా వెతుక్కోవాలి? ప్రొఫైల్‌లో ఆ రెండు లైన్లు చదివే పద్ధతి

హన్మకొండలో పీజీ అయిపోయిన పిల్లలు ఎక్కువగా అడిగేది ఒకటే, "సార్, గైడ్‌గా ఎవరైతే బాగుంటది?" అని. అది తర్వాత. ముందు మీ ప్రశ్న ఏంటో ఒక కాగితం మీద తెలుగులోనే రాయండి. "కోర్టు భాష మీద చేస్తా" అంటే అది టాపిక్ మాత్రమే, ప్రశ్న కాదు.

అదాలత్ సెంటర్‌లో కోర్టు గేటు దగ్గర కాసేపు నిలబడి వినండి. వకీలు, దావా, జప్తు, జామీను, నకలు... ఇవన్నీ అరబ్బీలో పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా మన నోటికొచ్చిన మాటలు, ఆ అదాలత్ అన్న పేరుతో సహా. ఇప్పుడు ఒక రైతు చేతిలో ఇంగ్లిష్ తీర్పు నకలు ఉందనుకోండి. అందులో ఆయనకు ఎంత అర్థమైంది అని అడిగితే అది అనువర్తిత భాషాశాస్త్రం (అప్లైడ్ లింగ్విస్టిక్స్). అర్థం కాక అప్పీలు గడువు దాటిపోతే ఆయన హక్కు సంగతేంటి అంటే న్యాయశాస్త్రం. అరబ్బీలో ఆ మాటకున్న అర్థం మన దాకా వచ్చేసరికి ఎంత మారింది అంటే అరబ్బీ శాఖకు వెళ్లాలి. కాగితం ఒకటే, గైడ్‌లు ముగ్గురు. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక తీర్పును తెలుగులోనూ ఇచ్చింది కాబట్టి ఈ ప్రశ్నకు ఇప్పుడు ఇంకా బలముంది.

ప్రశ్న తేలాక యూనివర్సిటీ సైట్‌లో ప్రొఫెసర్ల ప్రొఫైల్స్ తెరవండి, వాళ్ల పరిశోధన దేనిమీదో చెప్పే రెండు లైన్లు అక్కడ ఉంటాయి. లా అయితే మన కాకతీయలోనే ఉంది, అరబ్బీకి మాత్రం హైదరాబాద్ పోవాల్సిందే: ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ), మనూ (మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ). "అరబ్బీ సాహిత్యం" అని ఉంటే సంబరపడకండి. ఇస్లాంకు ముందటి కవిత్వమా, 1988లో నోబెల్ అందుకున్న నగీబ్ మహ్‌ఫూజ్ లాంటి వాళ్ల నవలలా అన్నది చూడాలి. "అనువర్తిత భాషాశాస్త్రం" కూడా అంతే, చాలాచోట్ల దానర్థం ఇంగ్లిష్ బోధన. నేనిది తెలియక, ఆ రెండు లైన్లు నమ్మి ఒకరి చుట్టూ ఐదు నెలలు తిరిగాను, తీరా చూస్తే ఆయన ఆ పని ఆపేసి ఏళ్లయింది.

అందుకే శోధగంగలో (మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు ఉండే వెబ్‌సైట్) ఆ ప్రొఫెసర్ పేరు గైడ్‌గా కొట్టి, ఆయన దగ్గర వచ్చిన థీసిస్‌లు చూడండి. కనీసం రెండింటి మొదటి అధ్యాయం చదవండి, ఆయన ఎలాంటి ప్రశ్నను ఒప్పుకుంటారో అక్కడే తెలిసిపోతుంది.

ఖాళీ కూడా కనుక్కోండి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మందే ఉండాలి, రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు.

ఇక మెయిల్. పది లైన్లు చాలు: మీ ప్రశ్న, ఆయన రాసిన ఒక వ్యాసంలో మీకు పట్టిన విషయం, కలవడానికి ఎప్పుడు రమ్మంటారని. వారంలో జవాబు రాకపోతే టెన్షన్ పడకుండా డిపార్ట్‌మెంట్‌కే వెళ్లండి, ఆ కాగితం చేతిలో పట్టుకుని.