ట్యూబ్‌లైట్ కింద వీడియో తీస్తే గోడ మీద చారలు పాకుతున్నాయా?
కెమెరా పాడైందని కంగారు పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. షట్టర్ వేగం, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగు తీసుకునే సమయం, ఆ లెక్కకు కుదరాలి. సెకనుకు 24 ఫ్రేములకు 1/50 సెకను పెట్టండి. మీ కెమెరా షట్టర్‌ని డిగ్రీల్లో (షట్టర్ యాంగిల్) చూపిస్తే 172.8 డిగ్రీలు. అలవాటుగా 180 దగ్గరే వదిలేస్తే 1/48 అవుతుంది, తెల్లగోడ మీద సన్నటి మిణుకు మొదలవుతుంది. స్లో మోషన్‌కి 60 బదులు 50 ఫ్రేములు, 1/100 వాడండి. 120 ఫ్రేములంటే షట్టర్ 1/120 కన్నా నెమ్మదించదు, 100 మిణుకుల లెక్కకు కుదరదు కాబట్టి లైటు ఆర్పేసి కిటికీ వెలుగులో తీయడమే మేలు. అమెరికాలో తీసేవాళ్లకు 1/60. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. చవక ఎల్‌ఈడీలు డిమ్మర్ తగ్గిస్తే వేరే వేగంతో మిణుకుతాయి. వాటిని ఫుల్‌లో వెలిగించి, దూరం జరిపి వెలుతురు తగ్గించుకోండి. టేక్‌కి ముందు తెల్లగోడను పది సెకన్లు తీసి, పెద్ద తెరపై తప్పకుండా చూసుకోండి.