అడినాయిడ్ ఆపరేషన్: ముందురోజు రాత్రి నుంచి పదో రోజు దాకా

ముక్కు వెనక, కొండనాలుకకు పైన ఉండే అడినాయిడ్ కండ బాగా పెరిగితే పిల్లలు నోటితో ఊపిరి పీలుస్తారు, గురక పెడతారు. కొందరికి చెవిలో నీరు చేరి వినికిడి తగ్గుతుంది. ఆ కండను నోటిలోంచే తీసేస్తారు. సుమారు అరగంట పని, బయట కోత ఉండదు. పుండు మానేది మాత్రం ఇంట్లోనే.

ఆపరేషన్ దగ్గరపడ్డాక జ్వరం, దగ్గు, చిక్కటి చీమిడి వస్తే దాచకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. జలుబు మీద మత్తిస్తే శ్వాసదారి బిగుసుకుపోవచ్చు, అందుకే వాయిదా వేస్తారు. ఊగే పన్ను ఉన్నా, ఇంట్లో ఎవరికైనా రక్తం త్వరగా గడ్డకట్టకపోయినా ముందే చెప్పాలి. మత్తుకు 6 గంటల ముందే అన్నం, బిస్కెట్లు, పాలు ఆపేయాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగించవచ్చు. మీ మత్తు డాక్టరు వేరే సమయం చెబితే అదే పాటించండి. పాలు నీళ్లలాంటివేగా అనుకుని పట్టేస్తుంటారు. కడుపులో అవి పెరుగులా గట్టిపడతాయి. మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

ఇంటికొచ్చాక ఎక్కువ పొరపాట్లు జరిగేది నొప్పి మందు దగ్గరే. పారాసెటమాల్ మోతాదు బరువును బట్టి: కిలోకు 15 మి.గ్రా., 6 గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. 16 కిలోల బిడ్డకు 240 మి.గ్రా. అయితే సిరప్ ఒకే రకం కాదు: 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సీసా అయితే 10 మి.లీ., 250 మి.గ్రా. ఉండేదైతే 4.8 మి.లీ. మాత్రమే. సీసా మారిందని చూడకుండా పాత కొలతే పోస్తే మందు రెట్టింపవుతుంది. చెంచా వద్దు, సిరంజితో కొలవండి. జలుబు సిరప్‌లు చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది, రెండూ కలిపి ఇవ్వొద్దు. ఆస్పిరిన్ వద్దు. ఈ ఆపరేషన్ తర్వాత 18 ఏళ్లలోపు వారికి కోడీన్, ట్రమడాల్ అసలే వద్దు, ఊపిరి మందగిస్తుంది.

గోరువెచ్చని జావ, మెత్తటి మజ్జిగన్నం, ఇడ్లీ చాలు. ఎర్రటి పానీయాలు పట్టకండి, వాంతైతే రక్తమో రంగో తేలదు. వారం పాటు ముక్కు చీదనివ్వొద్దు, ఆటలు, ఈత మాన్పించండి. పెద్దవాళ్లు ప్రేమకొద్దీ చెప్పే ఆవిరి, ముక్కులో నూనె చుక్కలు కూడా వద్దు. నోటి వాసన, ముక్కుతో మాట్లాడినట్టుండే గొంతు కొన్నాళ్లు సహజమే.

రక్తస్రావ భయం మొదటి 24 గంటల్లో ఒకసారి, 5 నుంచి 10 రోజుల మధ్య మరోసారి ఉంటుంది. మొదటి రోజు నల్లటి పాత రక్తం ఒకసారి వాంతైతే కంగారు లేదు. ఎర్రటి రక్తం కారుతుంటే, లేదా నిద్రలో బిడ్డ మాటిమాటికీ గుటకలు వేస్తుంటే ఆలస్యం చేయకండి. ఆ గుటకలు గొంతులోకి జారుతున్న రక్తానివి కావచ్చు, పైకేమీ కనబడదు. కూర్చోబెట్టి ముందుకు వంచండి, నోట్లోది ఉమ్మించండి, ఏమీ పెట్టకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. తల వెనక్కి వాల్చకండి.

మెడ ఒక పక్కకు బిగుసుకుపోయి తిప్పలేకపోతున్నా, 8 గంటలుగా మూత్రం రాకపోయినా అదే రోజు చూపించండి.