గదిలో గొంతు గుయ్యిమంటోందా? ఇంట్లో చేసుకునే సౌండ్ ప్యానెళ్లు: సమస్య - పరిష్కారం

కర్నూలు, కడప, అనంతపురం ఇళ్లలో ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్లు, భజనలు రికార్డు చేసుకునేవాళ్లు, యూట్యూబ్‌కు కథలు చదివేవాళ్లు ఒకే మాట అంటుంటారు: "మైకు మంచిదే కొన్నాం, అయినా గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది." చాలాసార్లు తప్పు మైకుది కాదు, గదిది. కింద నాపరాయి లేదా కడప బండ, పైన ఆర్‌సీసీ స్లాబు, చుట్టూ సిమెంటు పూత మీద పెయింటు. మాట స్వరాల దగ్గర ఇవన్నీ తమ మీద పడిన శబ్దంలో నూటికి 95 వంతులకు పైగా వెనక్కి పంపేస్తాయి. ఎండాకాలంలో మనకు చల్లగా హాయిగా ఉండే బండే రికార్డింగుకు అడ్డం పడుతుంది.

సౌండ్ ప్యానెల్ అంటే చెక్క ఫ్రేములో శబ్దాన్ని పీల్చే పీచు పెట్టి, పైన బట్ట కప్పిన పలక. వీటిని ఇంట్లోనే చేసుకోవచ్చు, పెద్ద పనేం కాదు. అయితే గోడలు కప్పేముందు గదిలో జబ్బు ఏదో కనిపెట్టాలి. ఒక్కో జబ్బుకు ఒక్కో మందు. అన్నిటికీ ఫోమ్ అంటిస్తే డబ్బు పోతుంది, గుయ్యిమనడం మాత్రం పోదు.

చప్పట్లు కొడితే 'టర్ర్'మని సన్నటి మోత

గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు అయిపోయాక కూడా సన్నగా రేకు మోత వినిపిస్తే, ఎదురెదురు గోడలు రెండూ నున్నగా ఖాళీగా ఉన్నాయని అర్థం. శబ్దం ఆ రెంటి మధ్యే అటూ ఇటూ కొట్టుకుంటుంది. గోడల మధ్య 10 అడుగులుంటే, మన వేడి వాతావరణంలో శబ్దం సెకనుకు దాదాపు 57 సార్లు పోయి వస్తుంది. ఆ వరుస దెబ్బలే మోతగా చెవికి చేరతాయి.

అన్నిటికంటే తేలికగా తగ్గేది ఇదే. రెండు గోడలూ కప్పక్కర్లేదు. ఒక గోడకు చెవి ఎత్తులో ఒకటి రెండు ప్యానెళ్లు, ఎదురుగోడకు అవి లేని చోట ఇంకొకటి పెడితే చాలు. పుస్తకాల అల్మారా ఉంటే ఖాళీ గోడకు ఎదురుగా జరపండి. ఆ తర్వాత మళ్లీ చప్పట్లు కొట్టి చూడండి.

గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది

ఇది మారుమోత. అన్ని గోడల మీంచీ తిరిగొచ్చే శబ్దం చాలాసేపు ఆగకుండా మాటల మీద మాటలు పడిపోతుంటాయి. దీన్ని లెక్కలోకి తెచ్చింది అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలస్ సబైన్. అక్కడి ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాలులో మాట అర్థం కావడం లేదని 1895లో దాన్ని సరిచేసే పని ఆయనకు అప్పగించారు. ఆయన పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి సీటు మెత్తలు మోయించి, రాత్రిపూట హాల్లో పరుస్తూ మోత ఎంతసేపట్లో ఆగుతోందో కొలిచాడు. అందులోంచి తేలిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: కొలతలన్నీ మీటర్లలో తీసుకుని, గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చే మొత్తం వైశాల్యంతో భాగిస్తే మారుమోత ఎన్ని సెకన్లుంటుందో వస్తుంది.

మన గదికి వేసి చూద్దాం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. ఘనపరిమాణం 34 ఘనపు మీటర్లు. నేల, గోడలు, స్లాబు కలిపి 63 చదరపు మీటర్లున్నా, పీల్చేది మహా అయితే 2 చదరపు మీటర్లకు సమానం. లెక్క ప్రకారం ఖాళీ గదిలో మోత రెండున్నర సెకన్లు దాటుతుంది. మాట శుభ్రంగా రికార్డు కావాలంటే అర సెకనుకు దగ్గర పడాలి, అంటే పీల్చే వైశాల్యం 11 చదరపు మీటర్లకు చేరాలి. గది పీల్చే ఆ రెండుకు తోడు పరుపున్న మంచం, మందపాటి కర్టెన్లు, మీరూ కలిసి నాలుగు దాకా ఇస్తారనుకోండి. మిగిలిన దానికి 4 అడుగులు × 2 అడుగుల ప్యానెళ్లు ఏడెనిమిది కావాలి. ఒకటి రెండు పెట్టి "తేడా లేదే" అని నిరాశపడకండి. ఈ జబ్బుకు సంఖ్య కావాలి.

ముందుగా ఖర్చు లేని పనులు చేయండి. మైకును నోటికి జానెడు దూరంలోకి తెచ్చుకోండి. రెండు జానల దూరంలో ఉన్న మైకును ఒక జానకు తెస్తే, గది మోతతో పోలిస్తే గొంతు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. బండ మీద జంపఖానా గానీ పాత పరుపు గానీ పరచండి. ఇంట్లో పాత చీరలతో కుట్టిన బొంతలుంటే గోడకు ఆనించకుండా, నాలుగు వేళ్ల దూరంలో తాడు కట్టి మడతలు మడతలుగా వేలాడదీయండి. గొర్రెల బొచ్చుతో నేసిన గొంగళి ఇంకా బాగా పనిచేస్తుంది. సీమ ఇళ్లలో పాతవి మూలన పడుంటాయి, బయటికి తీయండి.

తర్వాత ప్యానెళ్ల చోటు. మీరు కూర్చునే చోట కూర్చోండి, ఇంకొకరు గోడ వెంట అద్దం జరుపుతూ పోవాలి. అద్దంలో మీకు మైకు లేదా స్పీకర్ కనిపించిన చోటే మొదటి ప్యానెల్. పక్క గోడలయ్యాక పైకప్పు కూడా ఇలాగే చూడండి. మీ తల మీద ఒక ప్యానెల్ వేలాడితే గోడ మీద రెండు పెట్టినంత లాభం ఉంటుందని నా అభిప్రాయం, ఎందుకంటే స్లాబు ఎప్పుడూ బోసిగానే ఉంటుంది. ఫ్యాన్ రెక్కలకు దూరంగా, స్లాబులో యాంకర్ బోల్టులు కొట్టించి గొలుసులతో వేలాడదీయాలి. కింద మనుషులు కూర్చుంటారు కాబట్టి ఇక్కడ జిగురు, టేపు వద్దే వద్దు.

గోడంతా ఫోమ్ అంటించినా బరువు స్వరాలు 'భుం'మంటున్నాయి

ఎక్కువమంది ఇక్కడే మోసపోతారు. అంగుళం మందం ఫోమ్ 'స', 'శ' లాంటి సన్నటి శబ్దాలను పీల్చేసి బరువైన స్వరాలను వదిలేస్తుంది. దాంతో గొంతు మూసుకుపోయినట్టు, అయినా గుయ్యిమంటున్నట్టు ఉంటుంది.

కారణం గాలి కదలికలో ఉంది. పీచు గుండా గాలి ఊగుతూ పోయేటప్పుడు రాపిడి పుట్టి శబ్దం వేడిగా మారుతుంది. గోడను ఆనుకుని ఉన్న గాలి అటూ ఇటూ కదల్లేదు, కాబట్టి అక్కడ రాపిడీ లేదు. గోడ నుంచి శబ్ద తరంగం పొడవులో నాలుగో వంతు దూరంలో గాలి బాగా ఊగుతుంది. 1000 హెర్ట్జ్‌కు (సెకనుకు వెయ్యిసార్లు ఊగే స్వరానికి) ఆ దూరం 9 సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్‌కు దాదాపు 87. మగవాళ్ల మాట మూలస్వరం 100 హెర్ట్జ్ చుట్టుపక్కలే ఉంటుంది. దాన్ని అంగుళం ఫోమ్ ఏం చేయగలదు?

అందుకే మందం పెంచాలి, వెనక ఖాళీ వదలాలి. 2 అంగుళాల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు) వెనక మరో 2 అంగుళాల ఖాళీ వదిలితే, అదనపు సరుకు లేకుండానే బరువు స్వరాల వైపు పట్టు పెరుగుతుంది. మూలల్లో అయితే 4 నుంచి 6 అంగుళాల మందం వేసి, నేల నుంచి పైకి, మూలకు అడ్డంగా నిలబెట్టండి. బరువు స్వరాల ఒత్తిడి పేరుకునేది అక్కడే.

ఇంకో సంగతి. 10 × 10 గది 10 అడుగుల ఎత్తుంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకే 57 హెర్ట్జ్ దగ్గర మోగుతాయి. కీబోర్డు మీద మంద్ర స్వరాలు ఒక్కొక్కటే వాయిస్తే ఒకటి మాత్రం పొంగి వినబడుతుంది. అలాంటి గదిని పూర్తిగా లొంగదీయడం కష్టం. స్పీకర్లు పెట్టేది ఆ గదిలో అయితే, వీలైనంతవరకు ఇంకో గదికి మారమనే చెబుతాను. మాట రికార్డింగుకు మాత్రం గది నడిమధ్యలోనూ మూలలోనూ కూర్చోకుండా పక్కకు జరిగితే చాలావరకు సర్దుకుంటుంది.

ప్యానెళ్లు చేసి తగిలించినా తేడా తెలియడం లేదు

లోపల ఏం పెట్టారో, పైన ఏం కప్పారో చూడండి. థర్మోకోల్‌లోకి గాలి దూరదు, కాబట్టి శబ్దాన్ని పీల్చదు. గుడ్ల అట్టలు సన్నటి స్వరాలను కాస్త చెదరగొడతాయి, అంతే. రాక్‌వూల్ పెట్టి కూడా పైన రెక్సిన్ కప్పితే శబ్దం మళ్లీ తిరిగొచ్చేస్తుంది. బట్టను నోటికి ఆనించి ఊదండి, గాలి ఇబ్బంది లేకుండా అవతలికి పోవాలి. పలచటి నూలు దుప్పటి, ఎమ్మిగనూరు వైపు నేసే చేనేత గుడ్డ, సన్న గోనె బట్ట అన్నీ పనికొస్తాయి.

సరుకు విషయానికొస్తే, ఘనపు మీటరుకు 48 నుంచి 64 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ పలకలు అడగండి. సిమెంటు ఫ్యాక్టరీలకు, బాయిలర్లకు ఇన్సులేషన్ అమ్మేవాళ్ల దగ్గర ఉంటాయి. లేదంటే హైదరాబాద్, బెంగళూరు నుంచి తెప్పించుకోవాలి. పలకలు చేతికి వచ్చాకే కొలత చూసుకుని వడ్రంగి చేత చెక్క ఫ్రేములు కోయించండి. ముందే ఫ్రేములు చేయిస్తే ప్రతి పలకా కోయాల్సి వస్తుంది. కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ పీచు ఒంటి మీద పడితే దురద.

రాక్‌వూల్ దొరక్కపోతే పత్తి. ఆదోని మార్కెట్టుకు పత్తి వచ్చే జిల్లాలో దూదికి కొదవ లేదు. ఏకిన దూదిని పరుపులా టాకాలు వేసి 3, 4 అంగుళాల మందంగా కుట్టిస్తే మాటకు బాగానే పనిచేస్తుంది. టాకాలు లేకపోతే నెల తిరిగేసరికి దూదంతా కిందికి జారి పైన ఖాళీ అయిపోతుంది. పైగా రాక్‌వూల్ కాలదు, దూది కాలుతుంది. స్విచ్‌బోర్డు పక్కన, దీపం పెట్టే చోట దూది ప్యానెల్ పెట్టవద్దు.

బయటి హారన్లు ఇంకా వినిపిస్తున్నాయి

ప్యానెళ్ల పని అది కాదు. గదిలో పుట్టిన శబ్దాన్ని అవి పీల్చుతాయి, రోడ్డు మీది చప్పుడును ఆపవు. ఆపాలంటే బరువు కావాలి, సందులు మూయాలి. తలుపు కింద వేలెడు సందుంటే బండిహారన్ అక్కడినుంచే వస్తుంది. తలుపు అడుగున రబ్బరు పట్టీ, కిటికీ రెక్కల అంచులకు ఫోమ్ టేపు వేయండి.

ప్యానెళ్లు ఊడిపోతున్నాయి, వాసన వస్తోంది

మే నెలలో 42, 43 డిగ్రీల ఎండకు గోడ వేడెక్కితే డబుల్ సైడ్ టేపు జిగురు వదిలేస్తుంది. గోడకు డ్రిల్లు వేసి, ప్లగ్గులు కొట్టి, స్క్రూలతో తగిలించండి. వానాకాలంలో చెమ్మ దిగే గోడకైతే ముందు చెమ్మ సంగతి చూడాలి, లేకపోతే వెనక బూజు పడుతుంది. చెదలు పట్టే ఇళ్లలో ఫ్రేముకు చెదల మందు పూసి ఆరబెట్టి, నేలకు జానెడు పైన ఉంచండి.

తగిలించేటప్పుడు అన్నీ ఒకేసారి వద్దు. ఒకే చోట కూర్చుని, ఒకే పేరా చదివి, రెండేసి ప్యానెళ్లు పెట్టినప్పుడల్లా రికార్డు చేసి హెడ్‌ఫోన్లలో పోల్చి వినండి. కొత్తగా పెట్టిన రెండింటికీ తేడా వినిపించడం ఆగితే మిగిలినవి పక్క గదికి వాడుకోవచ్చు.