బొమ్మల పెట్టె మూత బీటవారకుండా చేసిన విధానం: నా అనుభవం

హైదరాబాదులోని మా ఇంట్లో, అమ్మాయి గది కోసం మామిడి చెక్కతో నేనే ఒక బొమ్మల పెట్టె చేసి, ముందువైపు రెండు ఏటికొప్పాక లక్క పిడులు అమర్చాను. వానాకాలంలో చక్కగా ఉన్న మూత వేసవి రాగానే నిలువునా బీటవారింది. లప్పం నింపడం, బరువు పెట్టడం, మళ్లీ వార్నిష్ వేయడం, ఏదీ ఫలించలేదు.

చెక్క గాలిలోని తేమను బట్టి వెడల్పులో పెరిగి తగ్గుతుంది కానీ, పొడవులో దాదాపు మారదు. మూత అడుగున రెండు అడ్డపట్టీలను జిగురుతో అతికించి, పైగా స్క్రూలు బిగించి, ఆ కదలికను నేనే కట్టడి చేశాను.

మొదట పట్టీలను ఉలితో ఊడదీసి, పాత జిగురును గీకి, బీటలో కొత్త జిగురు నింపి రాత్రంతా బిగించి ఉంచాను. తరువాత ప్రతి పట్టీలోనూ నడిమి రంధ్రాన్ని గుండ్రంగానే వదిలి, రెండు చివరల రంధ్రాలను మాత్రం, పక్కపక్కనే రెండుసార్లు డ్రిల్ చేసి సన్నని ఉలితో కలిపి, పట్టీ పొడవు దిశలో సుమారు 8 మిల్లీమీటర్ల గాడులుగా మార్చాను. ఈసారి పట్టీలకు జిగురు చుక్కైనా వాడలేదు. వాషర్లు వేసి, చివరి స్క్రూలను బిగించాక పావు చుట్టు వదులు చేశాను. చివరగా మూత అడుగుకూ పైభాగంతో సమానంగా వార్నిష్ పూశాను. ఇది కూడా ముఖ్యమేనని నా నమ్మకం.

రెండు వేసవులు గడిచినా మూత చెక్కుచెదరలేదు. పచ్చిదనం ఆరని చెక్కకు ఇదొక్కటే సరిపోతుందని చెప్పలేను. ప్లైవుడ్ మూతకైతే ఈ శ్రమ అవసరం లేదు.