మంచు తుఫానులో మంచు చరియల ముప్పును ఎలా అంచనా వేయాలి?

కొండవాలు మీది మంచు ఒక్కసారిగా తెగి జారిపడే మంచు చరియలు (అవలాంచ్‌లు) ఎక్కువగా జారేది మంచు కురుస్తుండగా, లేదంటే ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లో. కొత్త మంచు కింది పొరతో అతుక్కునేలోపే పైన బరువు పెరిగిపోవడమే ఇందుకు కారణం. కాబట్టి తుఫానులో మంచు పొరలు చూడటానికి ఒక్క గొయ్యి తవ్వి తేల్చేయకండి. గంటగంటకూ చూస్తూ ఉండాలి.

1. బయల్దేరే ముందు
ఆ ప్రాంతపు అవలాంచ్ బులెటిన్ (మంచు చరియల ముప్పు హెచ్చరిక) చదవండి. ప్రమాద స్థాయి 1 నుంచి 5 వరకు ఉంటుంది. మధ్యలో ఉంది కదా అని 3ను తేలిగ్గా తీసుకోవద్దు. ఆ స్థాయికే మనిషి బరువుకు వాలు మీది మంచు తెగే అవకాశం బాగా ఎక్కువ. 4 ఉంటే నిటారు వాలుల జోలికే వెళ్లకూడదు. ట్రాన్స్‌సీవర్ (కూరుకుపోయినవాళ్ల జాడ రేడియో సంకేతంతో తెలిపే పరికరం), ప్రోబ్ కర్ర (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. మంచులో పూర్తిగా కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి 10-15 నిమిషాలు దాటితే వేగంగా పడిపోతుంది. అంతలో బయటికి తీయగలిగేది పక్కనున్నవాళ్లే.

2. వాతావరణాన్ని కొలవండి
చదునైన చోట ఒక పలక పెట్టి, గంటకోసారి దానిపై మంచు లోతు చూసి తుడిచేయండి. గంటకు 2 సెం.మీ. చొప్పున కొన్ని గంటలు పడినా, 24 గంటల్లో 30 సెం.మీ. చేరినా ప్రమాదం పెరిగినట్టే. గాలి మరీ మోసకారి. గంటకు 25 కి.మీ. దాటితే ఎదురు వైపు మంచును ఊడ్చి చాటు వైపు పోస్తుంది. అక్కడ మంచు, కురిసే వేగానికి ఎన్నో రెట్లు పేరుకోవచ్చు. దిండులా ఉబ్బిన వాలు, డోలులా బోలుగా మోగే మంచు కనిపిస్తే దూరం జరగండి. చలిలో మొదలై వెచ్చబడే తుఫాను ఇంకా చెడ్డది. అడుగున తేలికమంచు, పైన బరువుమంచు చేరతాయి. వాన పడితే ఇక వెనక్కి తిరగడమే.

3. మంచును పరీక్షించండి
కాలి కింద మంచు 'ధుమ్మ్' అని కుంగినా, స్కీ ముందు పగులు పరుగెత్తినా వేరే పరీక్ష అక్కర్లేదు. అవి లేకపోతే, కింద ప్రమాదం లేని చిన్న గట్టు మీద ఇలా చేయండి. అడ్డంగా 30 సెం.మీ., వాలు వెంట 30 సెం.మీ. ఉన్న మంచు స్తంభాన్ని నాలుగు వైపులా విడదీయండి. దాని మీద పార పెట్టి మణికట్టు నుంచి 10, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10 దెబ్బలు వేయండి. ఎన్నో దెబ్బకు తెగిందన్నదే కాదు, ఎలా తెగిందన్నది కూడా చూడాలి. సొరుగు లాగినట్టు నున్నగా జారితే అది చెడ్డ గుర్తు. 90 సెం.మీ. వెడల్పు స్తంభంలో ఒక చివర కొడితే పగులు రెండో చివరిదాకా పాకిందంటే, వాలంతా తెగే గుణం ఉన్నట్టు.

ఫలితం బాగుందని వాలు ఎక్కేయడమే పెద్ద పొరపాటు. నాలుగడుగుల అవతల మంచు వేరేగా ఉండొచ్చు. ఈ పరీక్ష 'వద్దు' అనడానికే పనికొస్తుంది, 'సరే' అనడానికి కాదు.

4. వాలు ఎంచుకోండి
పలకలుగా తెగే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో మొదలవుతాయి. వాలుకొలత పరికరంతో కొలవండి, కంటి అంచనా తరచూ తప్పుతుంది. తుఫానులో 30 డిగ్రీల లోపే ఉండండి. అలాగని మీరు నిలబడ్డ చోటు ఒక్కటే కొలిస్తే చాలదు, తలపైన ఏముందో మ్యాప్‌లో చూడాలి. మంచు పొగలో పై వాలు కనిపించదు, అది తెగితే చదును దాకా వచ్చేస్తుంది. ఇరుకు లోయలు, కొండ అంచులు, చెట్ల గుంపులు కింద ఉంటే చిన్న చరియ కూడా ప్రాణం తీస్తుంది. దాటక తప్పదంటే ఒక్కొక్కరుగా దాటండి, మిగతావాళ్లు భద్రమైన చోటి నుంచి కన్నార్పకుండా చూడాలి.

5. తుఫాను ఆగాక
ఎండ కాసిందని తొందరపడొద్దు. అడుగున పంచదారలా పొడిపొడిగా రాలే పొర గానీ, పూడుకుపోయిన తుషార స్ఫటికాలు గానీ ఉంటే రెండు రోజుల నిరీక్షణ చాలదు. అలాంటి పొర వారాల తరబడి తెగడానికి సిద్ధంగానే ఉంటుంది.